యుద్ధ సరఫరా స్థావరాల తొలి ఛాయాచిత్రాలు

యుద్ధచరిత్ర రచనలో ఛాయాచిత్రం ఒక ప్రాథమిక ఆధారం. అయితే 19వ శతాబ్దపు యుద్ధ ఛాయాచిత్రాలలో పోరాటం దాదాపుగా కనిపించదు. రేవులు, గుడారాలు, ఫిరంగి గుండ్ల రాశులు, రైలు పట్టాలు కనిపిస్తాయి. దీనికి కారణమేమిటో, ఇటువంటి చిత్రాలను ఎలా పరిశీలించాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

సాంకేతిక కారణం

1851లో వెలువడిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకపై రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, చీకటి గదిలో కడగాలి. పలకపై కొన్ని సెకన్లపాటు కాంతి పడాలి. ఆలోగా కదిలినదేదైనా చెదిరిపోతుంది. అందువల్ల కదలని సరుకులే కెమెరాకు అనువైనవి.

క్రిమియా, 1855

రోజర్ ఫెంటన్ 1855 మార్చిలో బాలక్లావా రేవుకు చేరి ఓడలను, ఆయుధ సామగ్రిని, రైల్వే యార్డును చిత్రించాడు. అంతకుముందు చలికాలంలో రేవుకు వచ్చిన సరుకు కొన్ని మైళ్ల దూరంలోని శిబిరాలకు అందక ఎందరో సైనికులు చలికి, జబ్బులకు బలయ్యారు. ఫెంటన్ చిత్రాలలో నిండైన రేవు ఉంది. ఆ కొరత లేదు.

అబిసీనియా, 1867–68

నేపియర్ నాయకత్వంలో భారతదేశం నుంచి వెళ్లిన సైన్యం ఎర్రసముద్ర తీరంలోని జూలాలో దిగింది. రాయల్ ఇంజనీర్లు అక్కడి రేవును చిత్రించారు. మార్గాలు, కట్టడాలు నిర్మించే మద్రాసు సాపర్ల దళం కూడా ఈ దండయాత్రలో ఉంది. ఆ దళంలో తమిళులతోపాటు తెలుగువారూ చేరేవారు. చిత్తూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కనుక ఇది మన ప్రాంత చరిత్రకూ సంబంధించినది. జూలాలో మంచినీరు లేక సముద్రపు నీటిని ఓడలలో మరిగించి, ఆవిరిని చల్లార్చి తాగునీరు చేశారు. నీరు చాలక, రోగాలు సోకి బరువులు మోసే పశువులు అనేకం చనిపోయాయి. రేవు చిత్రం ఒక్కటే చూస్తే ఈ దాహం మనకు తెలియదు.

పరిశీలన విధానం

చిత్రాన్ని ఎవరు తీయించారు? ఎప్పుడు తీశారు? అందులో ఏమున్నది, ఏమి లేదు? లేఖలు, నివేదికలు దానితో ఏకీభవిస్తున్నాయా? ఈ నాలుగు ప్రశ్నలూ వేయకుండా ఛాయాచిత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించరాదు. సరుకు గుట్టలుగా ఉన్నంత మాత్రాన అది సైనికుడికి చేరినట్లు కాదు.

అభ్యాసం: మీ ఊరిలో సైన్యంలో పనిచేసినవారి ఇంట పాత ఫోటో ఉంటే, వారి అనుమతితో పై ప్రశ్నల ఆధారంగా పరిశీలించి పది వాక్యాలు రాయండి.