ముందు ఏది? తర్వాత ఏది?

చందర్లపాడు నందిగామకు దగ్గరి ఊరు. పక్కన కృష్ణానది. చుట్టూ పత్తి చేలు, మిరప తోటలు. ఇదివరకు ఈ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.

ఈ ఊళ్ళో ఒక తల్లి ఉందనుకోండి. పత్తి తీతకు పోయి పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చింది. కొడుకు మంచం మీద పడుకుని ఉన్నాడు. కుడి భుజం పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఏమైందిరా?" అంది తల్లి.

"బరువు ఎత్తుతుంటే భుజం పట్టేసిందమ్మా. ఇనప కడ్డీ మీద పడబోయింది. పక్కవాళ్ళు పట్టుకున్నారు" అన్నాడు.

తల్లి గుండె గుభేలుమంది.

కొడుకు పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. ఆ ఉద్యోగానికి మగపిల్లల ఛాతీ కొలుస్తారు. 2022లో వచ్చిన ప్రకటనలో ఆ కొలత ఉంది. ఊపిరి నిండా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఊపిరి పీల్చితే కనీసం 5 సెంటీమీటర్లు పెరగాలి. అందుకే పిల్లవాడికి ఆత్రం. తొందరగా ఛాతీ పెంచాలని రోజూ బరువులు ఎత్తుతున్నాడు.

మర్నాడు తల్లి బడిలో డ్రిల్లు మాస్టారి దగ్గరకు పోయింది.

"మాస్టారూ, మావాడి చేత ఈ కసరత్తు మాన్పించమంటారా?" అని అడిగింది.

"మాన్పించొద్దమ్మా. భుజం నొప్పి తగ్గేదాకా ఆగమను. ఆ తర్వాత వరుస మార్చుకోమను. ముందు చెయ్యాల్సింది వెనక చేస్తున్నాడు" అన్నారు మాస్టారు.

కసరత్తుకు కూడా వరుస ఉంటుందా? ఉంటుంది. ముందు దుక్కి, తర్వాత విత్తు అన్నట్టే ఇదీను.

రొమ్ము కండ చేసే పని

మన రొమ్ములో రెండు వైపులా పెద్ద కండలు ఉన్నాయి. ఒక్కొక్కటి విసనకర్ర ఆకారంలో ఉంటుంది. ఒక కొస మెడ కింది ఎముకకు, రొమ్ము మధ్య ఎముకకు అంటుకుని ఉంటుంది. రెండో కొస భుజం దగ్గర చేతి ఎముకకు అంటుకుని ఉంటుంది. ఈ కండ ఆడవాళ్ళకూ ఉంది, మగవాళ్ళకూ ఉంది.

బురదలో దిగబడిన బండిని ముందుకు తోస్తాం. అప్పుడు పనిచేసేది ఈ కండే. కానీ ఇది ఒంటరిగా పనిచెయ్యదు. దీనికి ఇద్దరు తోడు ఉన్నారు. ఒకటి భుజం ముందు కండ. రెండోది దండ చెయ్యి వెనక కండ. మోచేతిని చాపేది ఇదే. రొమ్ము కండ పెద్దది. తోడు కండలు చిన్నవి. చిన్నవి తొందరగా అలిసిపోతాయి.

వరుస తప్పితే ఏమవుతుంది?

మిరప టిక్కీని ముగ్గురు కలిసి లారీకి ఎత్తుతున్నారు. వాళ్ళలో ఇద్దరు పొద్దుటి నుంచి పని చేసి అలిసిపోయారు. మూడో మనిషికి ఎంత బలం ఉన్నా టిక్కీ లేస్తుందా? లేవదు. జారి కాలి మీద పడుతుంది.

ఆ కుర్రవాడు చేసింది ఇదే. ముందు చేతుల కసరత్తు చేశాడు. తోడు కండలు అలిసిపోయాయి. ఆ తర్వాత బల్ల మీద పడుకుని పెద్ద బరువు ఎత్తాడు. రొమ్ములో ఇంకా సత్తువ ఉంది. చేతుల్లో లేదు. కడ్డీ సగంలో ఆగిపోయింది. భుజం మీద భారం పడింది.

మంచి వరుస

మాస్టారు ఒక కాగితం మీద ఇలా రాసి ఇచ్చారు.

1. ముందు ఒళ్ళు వేడెక్కాలి. పది నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. చేతులు గుండ్రంగా తిప్పాలి. తక్కువ బరువుతో ఒకసారి ఎత్తి చూసుకోవాలి.

2. తర్వాత అన్నిటికన్నా పెద్ద పని. బల్ల మీద వెల్లకిలా పడుకుని కడ్డీని పైకి తొయ్యాలి. దీన్ని బెంచ్ ప్రెస్ అంటారు. బరువులు లేనివాళ్ళు దండీలు తియ్యొచ్చు. ఇందులో మూడు కండలూ కలిసి పనిచేస్తాయి.

3. మూడోది ఏటవాలు బల్ల. తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పడుకుని బరువు తొయ్యాలి. రొమ్ము పై భాగానికి ఎక్కువ పని పడుతుంది.

4. నాలుగోది చిన్న పని. వెల్లకిలా పడుకుని చిన్న డంబెల్స్ పట్టుకోవాలి. చేతులు పక్కలకు చాపి, మళ్ళీ దగ్గరకు తేవాలి. మనిషిని కౌగిలించుకున్నట్టు ఉంటుంది. ఇందులో చేతి వెనక కండకు పెద్ద పని ఉండదు.

5. ఆఖరున చేతుల కసరత్తు. ఇక తోడు కండలు అలిసిపోయినా ఇబ్బంది లేదు.

ఒక్కో కసరత్తు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చెయ్యాలి. రెండు నిమిషాలు ఆగాలి. అలా మూడు విడతలు చెయ్యాలి. పెద్ద బరువు ఎత్తేటప్పుడు తల దగ్గర ఒక మనిషి నిలబడాలి. ఒంటరిగా ఎత్తకూడదు. ఈ మాట అన్నిటికన్నా ముఖ్యం.

వరుస ఒక్కటే చాలా?

చాలదు. దీని మీద పరిశోధనలు జరిగాయి. ముందు చేసిన కసరత్తులో బలం ఎక్కువగా పెరుగుతుందని తేలింది. కండ లావెక్కడంలో మాత్రం వరుస వల్ల పెద్ద తేడా కనపడలేదు. అంటే వరుస బలానికి మంచిది. ప్రమాదం తగ్గించడానికీ మంచిది. కండ పెరగాలంటే వారం మొత్తం మీద చాలినంత పని ఉండాలి. తిండి ఉండాలి. నిద్ర ఉండాలి.

కండ పెరిగేది బరువు ఎత్తేటప్పుడు కాదు. తర్వాత విశ్రాంతి తీసుకునేటప్పుడు. అందుకే రొమ్ము కసరత్తు రోజూ చెయ్యకూడదు. వారానికి రెండుసార్లు చాలు. మధ్యలో కనీసం రెండు రోజులు ఎడం ఉండాలి.

తిండిలో మాంసకృత్తులు కావాలి. 60 కిలోల బరువున్న కుర్రవాడు కండ పెంచాలంటే రోజుకు 90 నుంచి 100 గ్రాముల దాకా కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. గ్లాసు పాలలో కూడా దాదాపు అంతే. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు. వంద గ్రాముల పల్లీలలో సుమారు 25 గ్రాములు. వీటితో పాటు చేపలు, శనగలు, పెరుగు ఉంటే ఖరీదైన పౌడరు డబ్బాల అవసరం పడదు.

కండలు పెంచే ఇంజక్షన్లు మాత్రం ముట్టుకోకూడదు. అవి గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి. పిల్లలు పుట్టే శక్తిని కూడా దెబ్బతీస్తాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న మల్లుడు. ఆయన 1942లో చనిపోయాడు. ఆయన మాంసం తినేవాడు కాదు. ఆ రోజుల్లో ఈ పౌడర్లు, ఇంజక్షన్లు లేవు. చిన్నప్పటి నుంచి చేసిన కసరత్తే ఆయన బలం.

ఇంకొక సంగతి ఉంది. పోలీసు కొలతలో 5 సెంటీమీటర్లు పెరగాలన్నారు కదా. అది కండ లావు వల్ల రాదు. ఊపిరి వల్ల వస్తుంది. అందుకు రోజూ పరుగెత్తాలి. నిండుగా ఊపిరి పీల్చి వదలడం అలవాటు చేసుకోవాలి. ఎలాగూ 1600 మీటర్ల పరుగు పరీక్ష కూడా ఉంటుంది.

ఆడవాళ్ళ సంగతి?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి పేరు చాలామంది విన్నారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత స్త్రీ ఆమె. ఆ రోజు ముందు 110 కిలోలు ఎత్తింది. తర్వాత 130 కిలోలు ఎత్తింది. ఆ పోటీకి కూడా వరుస ఉంది. నేల మీది బరువును ఒక్క ఊపున తల పైకి ఎత్తేది ముందు. దానికి ఒడుపు, చురుకు ఎక్కువ కావాలి. ఒళ్ళు అలవక ముందే అది చెయ్యాలి. భుజాల దాకా ఎత్తి, ఆగి, పైకి లేపేది తర్వాత.

కసరత్తు చేస్తే ఆడవాళ్ళ ఒళ్ళు మగవాళ్ళలా అవుతుందని కొందరు భయపడతారు. అలా కాదు. బలం వస్తుంది. ఎముకలు గట్టిపడతాయి. బరువులు లేకపోయినా ఫరవాలేదు. గోడకు రెండు చేతులు ఆనించి నిలబడాలి. మోచేతులు వంచి గోడ మీదికి వంగాలి. మళ్ళీ వెనక్కి తొయ్యాలి. పదిసార్లు చేస్తే రొమ్ము కండకు పని పడుతుంది.

ఒక జాగ్రత్త. కసరత్తు చేసిన మర్నాడు కండ సలపడం మామూలే. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. భుజం నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. రొమ్ము మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి, చేతికి గాని దవడకు గాని పాకి, చెమటలు పడితే అది కండ నొప్పి అనుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

తల్లి కాగితం తెచ్చి గోడకు అంటించింది. కొడుకు భుజం నొప్పి తగ్గాక మళ్ళీ కసరత్తుకు బయలుదేరాడు. గడప దాటబోతుంటే తల్లి పిలిచింది.

"ఒరేయ్, ముందు ఏది?"

"పెద్ద పనమ్మా."

"ఎవరు తోడు ఉండాలి?"

"తల దగ్గర ఒక మనిషి."

"అయితే పో" అంది తల్లి. ఆ కాగితం ఆమే స్వయంగా చదివింది.

ఆలోచించండి

మీ ఇంట్లో కసరత్తు చేసే పిల్లలు ఉన్నారా? వాళ్ళు ముందు ఏది చేస్తున్నారు?

బరువు ఎత్తేటప్పుడు పక్కన ఎవరు ఉంటున్నారు?

మీ ఇంటి తిండిలో రోజూ మాంసకృత్తులు ఎన్ని గ్రాములు? లెక్క వేసి రాయండి.