ప్రయాణములో వినెడి మహానవల: అపోహలు, వాస్తవములు

విన్న నవల చదివిన నవలతో సమానము కాదను మాట పెద్దల నోటను, పిల్లల నోటను తఱచుగా వినవచ్చుచున్నది. పురాణశ్రవణమును పుణ్యకార్యముగా నెంచిన జాతి ఆడవలసిన మాట కాదిది. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలను 29 దినములలో ఆశువుగా చెప్పుచుండగా తమ్ములు వెంకటేశ్వర్లుగారు వ్రాసికొనిరి. అనగా ఆ బృహద్గ్రంథము కాగితము మీది కెక్కుటకు ముందే ఒక చెవిని బడినది.

ఇంతకన్న హానికరమైన అపోహ, ప్రయాణమునకు సంక్షిప్త ప్రతియే తగునని. టాల్‌స్టాయి ‘యుద్ధము–శాంతి’ సంపూర్ణముగా వెలువడినది 1869లో, అధ్యాయములు 361, ఇంగ్లీషులో సంపూర్ణ పఠనము ఇంచుమించు 60 గంటలు. ఆ సంఖ్యను జూచి జంకువారు అధ్యాయమునకు సగటున 10 నిమిషములే పట్టునని గమనింపరు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఇంచుమించు 50 నిమిషములకు మియాపూర్‌లో దిగు ఉద్యోగి, పోవునపుడు ఐదు, వచ్చునపుడు ఐదు అధ్యాయములు వినినచో, 37 పనిదినములలో గ్రంథము ముగియును. ఆ నవలలో ఆండ్రీ రాకుమారుడు వసంతమున మోడువలె నిలిచిన ఓక్ వృక్షమును జూచి, కొన్ని వారముల పిమ్మట తిరిగి వచ్చుచు అదియే చిగిర్చియుండుట గాంచును. నడుమ గడచిన కాలమును శ్రోత కూడ గడపినగాని ఆ రెండవ దర్శనమునకు బలము చేకూరదు. సంక్షేపకర్త కత్తెర మొదట పడునది ఆ కాలము మీదనే.

అనువాద మేదైనను గ్రంథ మొక్కటే గదా యనుట మఱియొక పొరపాటు. ఈ నవలను కాన్‌స్టెన్స్ గార్నెట్ 1904లోను, ఆంథొనీ బ్రిగ్స్ 2005లోను, పీవర్–వోలఖాన్‌స్కీ దంపతులు 2007లోను ఇంగ్లీషు చేసిరి. నవల ఆరంభమే ఫ్రెంచి సంభాషణ. కడపటి దంపతులు ఆ ఫ్రెంచిని అట్లే నిలిపి పుట యడుగున అర్థ మిచ్చిరి. చేతిలో పుస్తకమున్న పాఠకునికి అది ఉత్తమ పద్ధతియే. కాని రైలులో కడ్డీ పట్టుకొని నిలుచున్న శ్రోతకు పుట యడుగు ఎక్కడిది? బ్రిగ్స్ దానిని ఇంగ్లీషులోనే చెప్పెను గనుక, వినుటకు ఆయన అనువాదమే మేలని నా నిశ్చయము.

నటులు పలువురు, నేపథ్యసంగీతము ఉన్న ప్రతి ఉత్తమమను భ్రమయు గలదు. బీబీసీ రేడియో 2015 జనవరి 1న ప్రసారము చేసిన రూపాంతరము 10 గంటలది; అది నాటకము, నవల కాదు.

కొనుటకు ముందు మాదిరి భాగమును ఇంటి నిశ్శబ్దములో గాక, కదలుచున్న బండిలో వినుడు. ఆ రొదలోను, మెల్లగా పలికిన మాటయు చెవికి స్పష్టముగా అందు గొంతునే ఎన్నుకొనుడు.