ఎక్లిప్స్: ఒక పందెపు గుర్రపు రెండవ జీవితం

వానలు ఎంతగా మొరాయించినా, మన గార్లదిన్నె రైతు పండిన వేరుశనగలో మేలైన కాయను విత్తనానికి వేరుగా దాచుకొంటాడు. ఆ కాయ విలువ ఈ ఏటి ధరలో లేదు. వచ్చే ఏటి పంటలో ఉన్నది. పందెపు గుర్రాల విషయంలోనూ ఇదే న్యాయం.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, హైదరాబాదు గుర్రప్పందేల మైదానం మౌలాలీ నుండి మలక్‌పేటకు మారింది. నేడు అక్కడ పరుగెత్తే థరోబ్రెడ్ జాతి గుర్రాలలో అత్యధికం, తండ్రి వరుసలో, ఒకే గుర్రపు సంతతి. దాని పేరు ఎక్లిప్స్.

1764లో సూర్యగ్రహణం నాడు ఇంగ్లండులో పుట్టినందున దానికా పేరు వచ్చింది. 1704లో థామస్ డార్లీ అనే వర్తకుడు సిరియాలోని అలెప్పో నుండి పంపిన అరబ్బీ గుర్రానికి ఇది మునిమనుమని కుమారుడు. పెంచిన ప్రభువు మరణించగా, విలియం వైల్డ్‌మన్ అనే మాంసపు వర్తకుడు ఈ పిల్లను 75 గినీలకు కొన్నాడు. అయిదేండ్ల వయస్సు వరకు దానిని పందేలకు దింపలేదు.

1769 మే 3న ఎప్సమ్‌లో తొలి పందెం. ఆ కాలంలో ఒకే పందెం అనేక విడతలుగా సాగేది. గెలిచిన గుర్రానికి 240 గజాలకు మించి వెనుకబడినవాటికి స్థానమే లెక్కించేవారు కాదు. రెండవ విడతలో ఎక్లిప్స్‌కు తప్ప మరి దేనికీ స్థానం దక్కదని డెనిస్ ఓకెల్లీ అనే ఐరిష్‌వాడు పందెం కాశాడు. అట్లే జరిగింది. తరువాత ఆ గుర్రాన్ని అతడే కొన్నాడు.

1770 అక్టోబరు నాటికి పదునెనిమిది పందేలు. ఒక్క ఓటమి లేదు. కొన్నింటికి పోటీగా మరో గుర్రమే రాలేదు. ఓడదని తెలిసిన గుర్రానికి ఎదురుగా సొమ్ము ఒడ్డేవారెవరు? కనుక 1771 నుండి దానిని సంతానోత్పత్తికి నిలిపారు. పరుగు జీవితం పదిహేడు నెలలే. ఈ రెండవ జీవితం 1789లో మరణించే వరకు సాగింది.

మేలైన ఆడగుర్రాలను రప్పించి, రుసుము తీసుకొని జతకట్టించే ఈ స్థావరాన్నే స్టడ్ ఫారం అంటారు. థరోబ్రెడ్ జాతిలో కృత్రిమ గర్భధారణను నేటికీ అనుమతించరు. ప్రతి పిల్లకూ తల్లిదండ్రుల పేర్లు వంశగ్రంథంలో నమోదు కావలసిందే. ఉర్దూలో 'నస్ల్' అనే మాటకు జాతి అనీ, తరం అనీ రెండర్థాలు. ఇక్కడ రెండూ సరిపోతాయి.

ఈ రంగంలో పాత గెలుపులు పేరు తెస్తాయే గాని, తుది తీర్పు పిల్లల పరుగుదే. ఎక్లిప్స్ తండ్రి మార్స్‌క్‌ను ఒకప్పుడు స్వల్ప ధరకు అమ్మివేశారు. కొడుకు గెలిచిన తరువాతనే తండ్రి విలువ లోకానికి తెలిసింది. మైదానంలో ఓటమి ఎరుగని ఎక్లిప్స్ సైతం, సంతానపు గెలుపుల లెక్కలో ఏ ఏడూ ప్రథమస్థానం పొందలేదు. హీరడ్ అనే గుర్రమూ, ఆపైన దాని కుమారుడు హైఫ్లయరూ ముందున్నాయి. అయినా 1781, 1783, 1784 సంవత్సరాలలో డర్బీ గెలిచినవి ఎక్లిప్స్ పిల్లలే. కాలక్రమాన హీరడ్ వంశం క్షీణించింది. నేటి థరోబ్రెడ్‌లలో నూటికి తొంబదికి పైగా తండ్రి వరుసలో ఎక్లిప్స్‌వే.

గుర్రానికి వంశం కొలత కావచ్చును, మనిషికి కారాదు. కాని విద్యార్థులారా, ఒక్క మాట మనకూ వర్తిస్తుంది. పరీక్షలో వచ్చిన ప్రథమశ్రేణి ఈ ఏటి దిగుబడి మాత్రమే. నేర్చినది మరొకరికి నేర్పినప్పుడే అది విత్తనపు కాయ అవుతుంది.