వరుసలో నిలిచిన వార్తలు

డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగన్ నగరపు టెలిఫోను కంపెనీయందు 1908వ సంవత్సరమున ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ అను గణితవేత్త ఉద్యోగమున ప్రవేశించెను. తీగలు తక్కువైనచో జనులు వేచియుండవలెను. ఎక్కువైనచో ధనము వ్యర్థమగును. మరి ఎన్ని తీగలు చాలును? ఎర్లాంగ్ ఈ ప్రశ్నకు సంభావ్యతాగణితమున సమాధానము వెదకి, 1909లో వ్యాసమును ప్రకటించెను.

కంప్యూటర్లను కలుపు జాలములకును ఇదియే ప్రశ్న. అచట వార్త ప్యాకెట్లు అను చిన్న తునకలుగా విడిపోవును. ప్రతి తునకయు కూడలి కూడలియందు వరుసలో నిలిచి, తన వంతు వచ్చిన పిమ్మటనే ముందునకు సాగును.

ఒక తీగ సెకనుకు సగటున 100 ప్యాకెట్లను పంపగలదనుకొందము. అవి ఒక క్రమము లేక, సెకనుకు సగటున 50 చొప్పున వచ్చుచున్నవి. వాని పొడవులకును క్రమము లేదు. 100లో 50 పోగా మిగిలినది 50. ఒక్కొక్క ప్యాకెట్టు అచట గడుపు సగటు కాలము సెకనులో 50వ వంతు. 90 వచ్చినచో మిగిలినది 10; కాలము 10వ వంతు. 99 వచ్చినచో నిండు సెకను! రాక రెట్టింపైనను కాలేదు. ఆలస్యము మాత్రము 50 రెట్లయ్యెను.

తీగకు ఇంకను కొంత శక్తి మిగిలియుండగా ఈ యాలస్యమేల? ప్యాకెట్లు సమానమైన పొడవు గలిగి, సమానమైన వ్యవధులలో వచ్చినచో వరుసయే యేర్పడదు. కాని యవి ఒకప్పుడు గుంపుగా వచ్చును, ఒకప్పుడు అసలే రావు. రాని క్షణమున తీగ ఊరక యుండును. సంతనాడు రేవు దాటించు పడవవాని స్థితియు నిట్టిదే. ఉదయము ఖాళీగా గడచిన ప్రొద్దు సాయంకాలపు జనసమ్మర్దమున అక్కరకు రాదు.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు లియొనార్డ్ క్లైన్‌రాక్ 1962లో తన పరిశోధన గ్రంథమున ఈ లెక్కను జాలమంతటికిని విస్తరింపజేసెను. (ప్యాకెట్టను పేరు నాటికింకను వాడుకలోనికి రాలేదు; ఆతడు వార్తలనియే వ్రాసెను.) అచట నొక చిక్కు వచ్చెను. ఒక కూడలియందు పొడవైన వార్త మరుసటి కూడలియందును పొడవైనదే. వెనుకనున్న పొట్టి వార్తలు దాని నంటియే వచ్చును. దీనిని ఉన్నదున్నట్లు లెక్కించుట దుస్సాధ్యము. అందుచే నాతడు ప్రతి కూడలియందును వార్త క్రొత్త పొడవును ధరించునని భావించెను! ఇది సత్యము కాదని యాతడెరుగును. అయినను కంప్యూటరుపై అనుకరణ ప్రయోగములు చేసి చూడగా, అనేక మార్గములు కలియు జాలములలో లెక్కయు ఫలితమును మిక్కిలి సమీపముగా నుండెను. ఏలయనగా, పలు దిక్కుల వార్తలు కలిసిపోవుటచే పొడవునకును రాకకును గల సంబంధము సడలిపోవును. తెలిసి చేసిన కల్పనలలో ఇంత యుపకరించినవి అరుదు.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్‌లోని క్లైన్‌రాక్ ప్రయోగశాలనుండి ఆర్పానెట్ అను జాలముపై తొలి వార్త బయలుదేరెను. రెండక్షరములు చేరగానే అవతలి యంత్రము నిలిచిపోయెను! ఆ ప్రయోగశాలకే జాలపు కొలతల కేంద్రమను బాధ్యత యొప్పగింపబడినది. ప్యాకెట్ల యాలస్యమును నిజముగా కొలిచి, కాగితముపై వేసిన లెక్కతో సరిచూచుట దాని పని.