అంగడి వీధిలో పరదేశి

1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరం వచ్చాడు. అప్పటి రాజు కృష్ణదేవరాయలవారి వైభవం చెప్పడానికే అతని రాతలను ఎక్కువగా వాడుకుంటాం గానీ, వాటి అసలు విలువ అంగడి వీధుల్లో ఉంది. వరి, జొన్న, ఉలవలు, పప్పులు ఎలా పోగుపడి ఉండేవో, ద్రాక్ష, నారింజ, దానిమ్మ ఎంత చవగ్గా దొరికేవో రాశాడు. రాజు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని కసరత్తు చేసేవాడనీ చెప్పాడు. శాసనాలైతే దానధర్మాలను చెబుతాయి. రోజూ కొనే ఉలవల సంగతి రాతి మీద ఎవరు చెక్కిస్తారు? రాయలవారి కావ్యం ఆముక్తమాల్యదలో ఋతువుకు తగిన వంటకాలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, అపురూపంగా ఉన్నాయి. అయితే కావ్యానికి కావలసింది రుచి, ధర కాదు.

మన ఆచారాలు ఎరగని పరదేశిని ఎలా నమ్మాలన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. నగరం రోమ్ అంత పెద్దదన్నాడంటే తనకు తెలిసిన కొలతతోనే కొలిచాడన్నమాట. రాజు కట్టిస్తున్న చెరువు కట్ట నిలవకపోతే నరబలి ఇచ్చారనీ రాశాడు. అక్కడ పదిహేను ఇరవై వేలమంది పనిచేయడం తాను చూశానన్నాడు. లెక్క ఉజ్జాయింపే అయినా ఆ జనం కళ్లెదుటి సంగతి. దేవుడి కోపం, బలి మాత్రం ఎవరో చెప్పగా విన్నవి కావచ్చు. ఈ రెండింటినీ విడదీసి చదివితే పేస్ మనకు పనికొస్తాడు. కొన్నేళ్ల తర్వాత అక్కడే ఉన్న గుర్రాల వర్తకుడు నూనిజ్ రాతలతో పోల్చి చూసుకునే వీలూ ఉంది. ఆ కూలీలు సాయంత్రం ఇంటికెళ్లి ఏం తిన్నారో మాత్రం ఈ ఇద్దరూ చెప్పలేదు.