నేలమాళిగలో పండ్ల సీసాలు

అమెరికా దేశంలో వర్జీనియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ పొటోమాక్ నది ఒడ్డున ఒక పెద్ద పాత ఇల్లు ఉంది. దాని పేరు మౌంట్ వెర్నన్. ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇల్లు అది. తర్వాత ఇల్లు పాడుబడింది. దాన్ని కొనటానికి 1858లో ఒక ఆడవాళ్ల సంఘం ముందుకొచ్చింది. ఇప్పటికీ ఆ సంఘమే ఇంటిని చూసుకుంటోంది.

ఈమధ్య ఆ ఇంటికి పెద్ద మరమ్మతు మొదలైంది. అందుకోసం నేలమాళిగ తవ్వాలి. నేలమాళిగ అంటే ఇంటి అడుగున ఉండే గది. తవ్వటానికి గునపం, పార చాలు కదా! కానీ ముందుగా పురావస్తు నిపుణులు దిగారు. పాత కాలపు వస్తువులు తవ్వి తీసి పరిశీలించేవాళ్లు వీళ్లు.

వీళ్లెందుకు? పాత ఇంటి కింద మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. మామూలుగా కింది పొర పాతది, పై పొర కొత్తది. వస్తువు ఏ పొరలో దొరికిందో చూసి, అది ఏ కాలానిదో చెప్తారు. పార పెట్టి కలిపేస్తే ఆ పొరలు మళ్లీ రావు. అందుకే తాపీతో కొంచెం కొంచెంగా గీకుతారు. కొలతలు రాసుకుంటారు. ఫోటోలు తీస్తారు. మట్టిని జల్లెడ పడతారు. పని నిదానమే. మేస్త్రీలు ఆగాల్సిందే.

ఆగినందుకు ఫలితం దక్కింది. 2024లో ఆ సంగతి లోకానికి తెలిసింది. నేలమాళిగలో 5 గోతులు బయటపడ్డాయి. వాటిలో 35 గాజు సీసాలు ఉన్నాయి. 29 సీసాలు పగలలేదు. లోపల చెర్రీ పండ్లు, ఇంకేవో చిన్న పండ్లు! దాదాపు 250 ఏళ్ల నాటివి. కొన్నిటికి చెర్రీ పూల వాసన కూడా పోలేదట. ఫ్రిజ్జులు లేని కాలం అది. చల్లగా ఉంటాయని పండ్లను సీసాల్లో పెట్టి నేలలో పూడ్చారు.

పూడ్చింది ఎవరు? ఆ ఇంట్లో వండింది, వడ్డించింది బానిసలు. వాళ్లకు కూలి లేదు. వాళ్లను కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. 1799లో వాషింగ్టన్ చనిపోయేనాటికి అక్కడ 317 మంది బానిసలున్నారు. డాల్ అనే ఆమె వంటమనిషి. 1759లో వాషింగ్టన్‌ను పెళ్లాడిన మార్తాతోపాటు ఆమెనూ అక్కడికి తెచ్చారు. వంటశాల ఆమె చేతిమీద నడిచేది. పండ్లు నిలవచేసే పనీ అందులోదే.

దొరగారి లెక్కల పుస్తకాల్లో డాల్ పేరు ఉంది. పక్కన ఆమె చేసే పని ఉంది. అంతకుమించి ఆమె గురించి రాసింది తక్కువ. తన సంగతి తాను రాసుకుందామంటే, బానిసల్లో చదువొచ్చినవాళ్లు బహు కొద్దిమంది. వాళ్ల చేతిపని మాత్రం మట్టిలో మిగిలింది. పార పడి ఉంటే అదీ గాజుపెంకులయ్యేది.

సీసాల్లోని పండ్లను, పిక్కలను పరీక్షల కోసం జాగ్రత్తగా బయటికి తీశారు.