దరఖాస్తుల పుస్తకం: ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు మనం ఇవ్వగల చవకైన సాయం

ఉద్యోగం కోసం తిరిగే పిల్లలకు ఏం సాయం చేద్దామని అడిగితే దాతలు సాధారణంగా మూడు మాటలు చెబుతారు: కోచింగ్ ఫీజు, పుస్తకాలు, పరీక్షకు వెళ్లిరావడానికి ఛార్జీలు. ఈ మూడూ కావలసినవే. అయితే చిట్యాల లాంటి మండల కేంద్రంలో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతూ, బడి దాటిన పిల్లలు తరువాత ఏమవుతున్నారో చూస్తూ వస్తున్న మాకు నాలుగోది కూడా ఒకటి కనిపిస్తోంది. అది ఒక పొడవు నోటు పుస్తకం. వేసిన ప్రతి దరఖాస్తునూ వరసగా రాసిపెట్టుకునే పుస్తకం. దాని అవసరం ఏమిటి, అందులో ఏం రాయాలి, దానివల్ల దాతలకు ఏం తెలుస్తుంది అన్నవి ఇక్కడ వివరిస్తాం.

దరఖాస్తు ఎన్నాళ్లు బతికి ఉంటుంది?

మా తరం డిగ్రీ చేసిన రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ కార్డు ఒకటుండేది. మూడేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. మరచిపోతే సీనియారిటీ పోయేది. అందుకని ఆ కార్డును ఇంట్లో భూమి కాగితాల పక్కన దాచేవారు. ఇప్పుడు కాలం మారింది. కంప్యూటర్ మీద పది నిమిషాల్లో దరఖాస్తు అయిపోతుంది. అంత సులువుగా అయిపోవడం వల్లే అది మనసులో నిలవదు. నెట్ సెంటర్‌లో తీసిన ప్రింటు జేబులో నలిగిపోతుంది.

అయితే ఆ దరఖాస్తు ఆయుష్షు పది నిమిషాలు కాదు. మన రాష్ట్రంలో జరిగిన రెండు సంగతులు చూడండి.

మొదటిది డీఎస్సీ. 2023 సెప్టెంబరులో 5,089 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. నవంబరులో జరగాల్సిన పరీక్ష అసెంబ్లీ ఎన్నికల వల్ల వాయిదా పడింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే రద్దు చేసి, ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. పాత దరఖాస్తుదారులు మళ్లీ దరఖాస్తు చేయనక్కర లేదన్నారు. పరీక్షలు జులై 18 నుంచి ఆగస్టు 5 వరకు జరిగాయి. ఫలితాలు సెప్టెంబరు 30న, నియామక పత్రాలు అక్టోబరు 9న వచ్చాయి. అంటే మొదట దరఖాస్తు వేసిన అభ్యర్థి సుమారు ఏడాది పాటు ఆ నంబరును భద్రంగా ఉంచుకోవాల్సి వచ్చింది.

రెండోది గ్రూప్-1. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇక్కడ మాత్రం పాత అభ్యర్థులు మళ్లీ దరఖాస్తు చేయాలన్నారు, ఫీజు మాత్రం కట్టనక్కర లేదన్నారు.

పది రోజుల తేడాతో వచ్చిన రెండు నోటిఫికేషన్లలో రెండు వేర్వేరు నియమాలు. ఒకదానికి పాత దరఖాస్తు చాలు, మరొకదానికి చాలదు. రెండూ వేసినవాళ్లు ఏది ఏదో గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టం! గ్రూప్-2 సంగతీ అంతే. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, వాయిదా మీద వాయిదా పడి పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. రెండేళ్లలో ఫోన్ మారుతుంది, సిమ్ మారుతుంది, ఆడపిల్లకు పెళ్లయి ఊరే మారుతుంది. దరఖాస్తు మాత్రం మొదట ఇచ్చిన వివరాలతోనే ఎదురుచూస్తూ ఉంటుంది.

మన పిల్లలు ఎక్కడ దెబ్బతింటున్నారు?

చదువు తక్కువై ఉద్యోగం రాకపోతే మళ్లీ చదివించవచ్చు. కాని చదువు ఉండీ కాగితం దగ్గర ఆగిపోయినవాళ్లను చూస్తే బాధ ఎక్కువ. మేము ఎరిగిన ఒక అమ్మాయి బీఈడీ పూర్తి చేసి, అన్నయ్య ఫోన్ నంబరుతో దరఖాస్తు చేసింది. ఆయన గల్ఫ్ వెళ్లాక రీచార్జి లేక ఆ సిమ్ ఆగిపోయింది. దరఖాస్తులో తప్పులు సరిచేసుకోవడానికి నాలుగు రోజులు గడువిస్తే ఓటీపీ రాలేదు. ఐదో రోజుకు గడువు ముగిసింది. ఆ అమ్మాయికి సబ్జెక్టు రాక కాదు, కోచింగ్ లేక కాదు.

పేరు తేడా మరో చిక్కు. పదో తరగతి మెమోలో ‘ఎండీ’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘మహమ్మద్’ అని, డిగ్రీ సర్టిఫికెట్‌లో ‘మొహమ్మద్’ అని ఉంటుంది. ‘షేక్’ ఒకచోట ముందుంటుంది, మరోచోట ‘ఎస్‌కే’గా కుదించి ఉంటుంది. ఒక్కో దరఖాస్తులో ఒక్కో తీరుగా నింపితే సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

మూడోది జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా చిట్యాల వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, కాళేశ్వరం జోన్‌లో ఉంది. పెద్ద పిల్లల పాత సర్టిఫికెట్లలో వరంగల్ అనే ఉంటుంది. ఇప్పటి నియమాల ప్రకారం 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత తేలుతుంది. కొన్ని తరగతులు ఇక్కడ, కొన్ని హనుమకొండలో చదివినవాళ్లు ఆ సర్టిఫికెట్లన్నీ ముందే తెచ్చిపెట్టుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే సమయం చాలదు.

నాలుగోది రిజర్వేషన్. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల వారు బీసీ-బి కిందకు వస్తారు. కుల ధ్రువీకరణతో పాటు నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా కావాలి. మీసేవలో అర్జీ పెట్టి తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. ఏ దరఖాస్తులో ఏ కేటగిరీ ఇచ్చారో, ఆ సర్టిఫికెట్ ఏ తేదీదో రాసి ఉంచుకోకపోతే చివర్లో హక్కుగా వచ్చేది కూడా చేజారుతుంది.

పుస్తకంలో ఏం రాయాలి?

మొదటి పేజీ అభ్యర్థిది. పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లిషులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాయాలి. కింద హాల్ టికెట్ నంబర్లు, పాసైన సంవత్సరాలు, మార్కులు, టెట్ రాసి ఉంటే దాని నంబరు, స్కోరు రాయాలి. కుల, ఆదాయ, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ల నంబర్లు, తేదీలు రాయాలి. ఇకపై ఏ దరఖాస్తు నింపినా ఈ పేజీ చూసే నింపాలి, జ్ఞాపకం మీద నింపకూడదు.

తరువాతి పేజీల నుంచి ఒక్కో దరఖాస్తుకు ఒక్కో పేజీ. ప్రతి పేజీలో ఎనిమిది సంగతులు ఉండాలి:

1. ఉద్యోగం పేరు, నోటిఫికేషన్ నంబరు, తేదీ.
2. ఆఖరు తేదీ, మనం దరఖాస్తు వేసిన తేదీ.
3. రిజిస్ట్రేషన్ నంబరు, దరఖాస్తు నంబరు, ఫీజు కట్టిన నంబరు.
4. ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్. ఆ సిమ్ ఎవరి దగ్గర ఉంది?
5. ఇచ్చిన వివరాలు: కేటగిరీ, జిల్లా, మీడియం, కోరుకున్న పరీక్ష కేంద్రం.
6. ఖర్చు: ఫీజు, నెట్ సెంటర్, ప్రయాణం.
7. ఎంతవరకు వచ్చింది: హాల్ టికెట్, పరీక్ష, కీ, ఫలితం, వెరిఫికేషన్. ఒక్కో మెట్టు దాటినప్పుడు పక్కన తేదీ.
8. మళ్లీ ఎప్పుడు చూడాలి?

వీటిలో ఎనిమిదోది అన్నిటికన్నా ముఖ్యం. మిగతా ఏడూ జరిగిపోయినవి, ఇదొక్కటే జరగాల్సింది. ‘ఫలితం వస్తే ఎవరో ఒకరు చెబుతారులే’ అనుకునేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. వాయిదా పడినా సరే, ఈ గడి ఖాళీగా ఉండకూడదు. తేదీ తెలియకపోతే ‘వచ్చే ఆదివారం చూడాలి’ అని రాసినా చాలు.

నాలుగో గడి గురించి ఒక జాగ్రత్త. కొన్నిసార్లు తొందరలో నెట్ సెంటర్‌వారి ఫోన్, ఈమెయిల్ పెట్టి దరఖాస్తు పూర్తిచేస్తారు. అప్పుడు సమాచారమంతా వాళ్లకే వెళుతుంది. అభ్యర్థి సొంత నంబరు, సొంత ఈమెయిల్ ఇవ్వాలి. ఆడపిల్ల అయితే ఆమె పేరు మీదే ఒక సిమ్ తీసుకుని, ఉద్యోగం వచ్చేదాకా రీచార్జి ఆపకూడదు. పాస్‌వర్డ్‌లు మాత్రం ఈ పుస్తకంలో రాయకూడదు. పదిమంది చేతుల్లో పడే పుస్తకం కదా, వాటిని ఇంట్లో వేరే కాగితం మీద ఉంచుకోవాలి.

ప్రైవేటు, గల్ఫ్ ఉద్యోగాలకు కూడా

అందరూ సర్కారు కొలువుకే వెళ్లరు. హనుమకొండ దుకాణాలు, ఆసుపత్రులు, హైదరాబాద్ కంపెనీలు, జాబ్ మేళాలు ఉన్నాయి. వీటికి కూడా ఒక్కో పేజీ పెట్టాలి. కంపెనీ పేరు, మాట్లాడిన మనిషి పేరు, ఏ తేదీన బయోడేటా ఇచ్చాం, జీతం ఎంత అన్నారు, ఎప్పుడు ఫోన్ చేస్తామన్నారు అన్నవి రాయాలి. చెప్పిన గడువు దాటి వారమైతే మనమే మర్యాదగా ఫోన్ చేసి అడగాలి. ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగితే ఎంత అడిగారో, ఎవరు అడిగారో రాసి, పెద్దలకు చూపించకుండా ఒక్క రూపాయి కూడా పంపకూడదు.

గల్ఫ్ విషయంలో ఏజెంటు లైసెన్స్ నంబరు తప్పకుండా రాయాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఉందో లేదో చూసుకోవచ్చు. నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు తీసుకుని పుస్తకంలో అంటించాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాలకు పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ నంబరుకు కూడా ఒక పేజీ పెట్టాలి.

దాతలకు దీనివల్ల ఏం తెలుస్తుంది?

పది దరఖాస్తులు పూర్తయ్యాక పుస్తకం తిరగేస్తే అభ్యర్థి ఏ మెట్టు దగ్గర ఆగుతున్నాడో కనిపిస్తుంది. నోటిఫికేషన్లు వచ్చినా దరఖాస్తులే వేయకపోతే ఫీజుకు డబ్బు లేదేమో అడగాలి. డీఎస్సీలో ఒక్కో పోస్టుకు 1,000 రూపాయలు కట్టాల్సి వచ్చింది, రెండు పోస్టులకు అర్హత ఉన్న పేదింటి పిల్ల ఒకదానితో సరిపెట్టుకోవచ్చు. దరఖాస్తు వేసి పరీక్షకు వెళ్లకపోతే దారిఖర్చు లేదేమో, అమ్మాయి వెంట వెళ్లేవారు లేరేమో చూడాలి. పరీక్ష రాసి మార్కులు తగ్గుతుంటే అప్పుడు కోచింగ్ కావాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగుతుంటే కోచింగ్ కాదు, మాట్లాడే సాధన కావాలి. వెరిఫికేషన్‌లో ఆగితే ఆఫీసుకు వెంట వెళ్లే ఒక పెద్దమనిషి కావాలి.

అందరికీ ఒకే సాయం చేస్తే కొందరికే అందుతుంది. పుస్తకం చూసి చేస్తే ఎవరికి ఏది కావాలో అదే అందుతుంది. దాత ఇచ్చిన ప్రతి రూపాయి ఏ మెట్టు మీద ఖర్చయిందో లెక్క కూడా ఉంటుంది. గడువు పెట్టి ఇచ్చే అప్పును రాసిపెట్టుకోమని ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, సూరె బఖరాలోని 282వది, మనకు బోధిస్తుంది. డబ్బు వ్యవహారానికే అంత జాగ్రత్త అవసరమైతే, ఒక మనిషి జీవనోపాధి వ్యవహారానికి ఎంత జాగ్రత్త ఉండాలి!

ఇంకొక మాట. వయసు ఆగదు. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల గరిష్ఠ వయోపరిమితిని 2022లో 34 నుంచి 44 ఏళ్లకు, 2024లో 46కు పెంచింది. రెండుసార్లూ రెండేళ్ల గడువు పెట్టే పెంచింది. సడలింపు ఎప్పుడూ ఉంటుందనుకోలేం. ఒక గడువు తప్పిపోతే పోయేది వెయ్యి రూపాయల ఫీజు కాదు, మళ్లీ నోటిఫికేషన్ వచ్చేదాకా గడిచే సంవత్సరాలు.

మనం చేయదగినవి

దాతలను మేము కోరేవి మూడు. మొదటిది, ఇంటర్ దాటి ఉద్యోగం వెతుకుతున్న ప్రతి అబ్బాయికీ, అమ్మాయికీ గళ్లు గీసిన ఒక పుస్తకం, కాగితాలు పెట్టుకునే ఒక ఫైలు ఇప్పించడం. రెండోది, వారానికి ఒక గంట సమయం. ఆదివారం ఉదయం ఇద్దరు పెద్దలు, ఆడపిల్లల కోసం చదువుకున్న ఇద్దరు అక్కలు కూర్చుని పుస్తకాలు చూసి, ఎనిమిదో గడిలోని తేదీలు దాటిపోలేదు కదా అని అడిగితే చాలు. రిటైరైన ఉద్యోగులు ఈ పనికి చక్కగా సరిపోతారు, ఆఫీసు కాగితం చదవడం వాళ్లకు అలవాటే. మూడోది, అత్యవసరానికి కొద్దిపాటి నిధి. ఆఖరు తేదీ రేపే ఉండి చేతిలో ఫీజు లేనివారికి ఆ రోజే ఇవ్వగలిగేలా అది ఉండాలి. నెల తరువాత మీటింగ్ పెట్టి మంజూరు చేస్తే ప్రయోజనం లేదు.

వ్యాసం చదివిన దాతలు తమ ఇంట్లోనో, వీధిలోనో ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక్కరిని పిలిచి, ‘ఇప్పటిదాకా ఎన్ని దరఖాస్తులు వేశావు? వాటి నంబర్లు ఎక్కడున్నాయి?’ అని అడగాలని మనవి. వెంటనే చూపించగలిగితే సంతోషం. తడుముకుంటే ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సాయంత్రమే మొదటి పేజీ రాయించండి.